అడగని నాలుగు రోజులు

గురువారం పగలు పదకొండూ నలభైకి రత్నాజీ కన్నుమూయాలని ముహూర్తం పెట్టారు. పెట్టించింది ఎవరో కాదు, ఆయన భార్య అనంతలక్ష్మే.

ముక్కున వేలేసుకోకండి. స్వచ్ఛంద మరణ చట్టం వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లయింది. నయంకాని జబ్బుతో నరకం చూస్తున్నవాళ్లు ఇద్దరు డాక్టర్లూ ఒక జడ్జీ ఒప్పుకుంటే తమ రోజు తామే ఎంచుకుని వెళ్లిపోవచ్చు. కొత్తలో అందరూ అపచారం, అపచారం అని చెవులు మూసుకున్నవాళ్లే. మన జనం సంగతి తెలియనిదేముంది! రెండేళ్లు తిరక్కుండా దానికీ పంచాంగం తెరిచారు. తేదీ మన చేతిలోనే ఉన్నప్పుడు చెడ్డ నక్షత్రంలో పోవడం దేనికని సిద్ధాంతుల గుమ్మాల ముందు చెప్పులు పెరిగాయి.

రత్నాజీది కడియం దగ్గర గులాబీల నర్సరీ. ఇల్లూ నర్సరీ ఒకే ప్రహరీలో ఉంటాయి. అరవై రెండేళ్ల వయసులో క్లోమానికి కేన్సరని తేలింది. ఐదు నెలల్లో మనిషి పుల్లయిపోయాడు. నొప్పి మందు పనిచేసేలోగా దిండు అంచు కొరుక్కునేవాడు. ఆ దిండు చూసిన ఏ జడ్జీ అయినా సంతకం పెట్టేవాడే. దరఖాస్తు ఆయనే రాసుకున్నాడు, రోజు కూడా ఆయనే చెప్పాడు, సోమవారం అని.

సిద్ధాంతి పంచాంగం చూసి తల అడ్డంగా ఊపాడు. శుక్రవారం నుంచి మంగళవారం దాకా ధనిష్ఠా పంచకం. ఆ ఐదు రోజుల్లో ఇంట్లో మనిషి పోతే ఆర్నెల్లు ఇల్లు మూసి వెళ్లిపోవాలని మన వైపు పట్టింపు. ఆ ప్రహరీ తలుపు ఆర్నెల్లు మూస్తే, నడివేసవిలో ఎనిమిది వేల మొక్కలు కవర్లలోనే కట్టెలవుతాయి. పోనీ మంగళవారం దాటాక అందామంటే, డాక్టర్ల బృందానికి మళ్లీ ఖాళీ దొరికేది పంతొమ్మిది రోజుల తరవాత. అన్నాళ్లు ఆయన ఆ నొప్పి పడలేడు. అటూ ఇటూ కుదరక ముందున్న గురువారానికి జరిపారు.

ఆ మాట అనంతలక్ష్మి బార్లీ జావ తాగిస్తూ మెల్లిగా చెప్పింది.

"సోమవారమైతే ఏమవుద్దంటావే?" అన్నాడు రత్నాజీ, ఒక్కసారి.

ఆవిడ కారణం చెప్పింది. ఆయన జావ మింగి "మంచిది" అన్నాడు. కూతురు మేదిని అప్పుడు పక్కనే ఉంది. రాజమండ్రి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే పిల్ల, ముప్ఫై ఒక్కేళ్లది. ఈ పంచకాలేమిటని మనసులో విసుక్కుంది గానీ పైకి అనలేదు. అనవలసిన మాటలు ఆ ఇంట్లో చాలామంది అనలేదు, అది తరవాత సంగతి.

అసలు సంగతి అంటు.

రాజమండ్రి అవతల స్మృతి కేంద్రం అని ఒకటుంది. దాన్ని నడిపే డాక్టర్ పరాంకుశం పదేళ్లు శ్రమించి, పోతున్న మనిషి మెదడులోంచి ఒక జ్ఞాపకాన్ని తీసి బతికున్న మనిషి మెదడులో నాటడం కనిపెట్టాడు. కాగితాల మీద దానికి బారెడు పేరుంది. ఊళ్లో అందరూ జ్ఞాపకం అంటు అనేవారు. ఒక మనిషి నుంచి ఒక్క జ్ఞాపకమే వస్తుంది. తీసేశాక ఆ మెదడు మిగలదు గనక, చట్టప్రకారం వెళ్లిపోయేవాళ్ల దగ్గరే తీయాలి. యాభై దాటినవాళ్ల బుర్రలో పట్టదు. అందుకే అనంతలక్ష్మికి కుదరక, పుచ్చుకోవడం మేదిని వంతయింది.

సాధన కోసం నెల్లాళ్లు తండ్రినీ కూతుర్నీ వారానికి మూడుసార్లు కేంద్రానికి తీసుకెళ్లారు. తలకి తీగల టోపీ పెట్టి, ఒకే జ్ఞాపకాన్ని ముప్పావుగంట తలపులో నిలుపుకోమనేవాళ్లు. ఎదురుగా తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి పాకుతూ ఉండేది.

"ఆఖరి క్షణంలో ఏది తలపులో ఉంటే అదే వస్తుందండీ," అన్నాడు పరాంకుశం. "మనసు పక్కకి పోకూడదు."

"మాకు కొత్తేం కాదులెండి," రత్నాజీ నవ్వాడు. "పచ్చి కొమ్మ మీదున్నప్పుడే చిగురు కన్ను తీయాలి. ఎండిన కొమ్మ మీది కన్ను పట్టదు. అంతే కదండీ?"

"అంతేనండీ. యాభై మాటల్లో నేను చెప్పేది మీరు రెండు మాటల్లో చెప్పేశారు."

రత్నాజీ ఎంచుకున్న జ్ఞాపకం మేదిని ఏడో ఏటిది. ఆ పిల్ల పట్టుబట్టి గులాబీకి మొదటిసారి కన్ను అంటు కట్టింది, తలకిందులుగా. చెబితే ఏడుస్తుందని ఆయన ఊరుకున్నాడు. నెల తిరిగేసరికి ఆ కన్ను నేలకేసి మొలిచి, మెడ తిప్పుకుని మళ్లీ పైకి లేచింది. "ఏం మొండిదే నీ మొక్క!" అని కూతుర్ని భుజం మీద ఎక్కించుకుని నర్సరీ అంతా తిరిగాడు. మేదినికి ఆ రోజు మసకమసకగా గుర్తుంది. ఆయన కళ్లతో, ఆ భుజం మీద కూర్చున్న తనని తాను చూసుకోబోతున్నానని నెల్లాళ్లూ మురిసిపోయింది. తండ్రి పోతున్నాడన్న దుఃఖంలో ఆ పిల్లకి ఉన్న ఊరట అదొక్కటే.

రత్నాజీ గురించి ఇంకొక్కమాట చెప్పుకోవాలి. ఆయన నోట 'కుదరదు' అన్న మాట విన్నవాళ్లు లేరు. ఎవరొచ్చి ఏమడిగినా భుజం మీద కండువా తీసి, ఓసారి దులిపి, మళ్లీ భుజం మీద సర్దుకుని, నవ్వి, "కానివ్వండి, దానికేముంది" అనేవాడు. పెళ్లివాళ్లొచ్చి అడిగితే, రేపు తిరునాళ్లకి తీసిపెట్టుకున్న మొక్కలు ఇచ్చేసేవాడు. ఎవరి పిల్లాడో పరీక్షకొస్తే తన మంచం ఇచ్చి వరండాలో దోమల మధ్య పడుకునేవాడు. అబ్బ, ఏం మర్యాదండీ అనుకునేవారు జనం. ఆ కండువా సర్దుకోవడం కూడా మర్యాదే అనుకునేవారు. మేదినీ అలాగే అనుకుంది.

గురువారం పొద్దున్నే చుట్టాలు దిగారు. రత్నాజీ తమ్ముడు చిట్టియ్య భార్యని వెంటబెట్టుకుని ఒడిశాలో ఉద్యోగం నుంచి సెలవు పెట్టి వచ్చాడు. మొత్తం ఇరవై ముగ్గురు. పెరట్లో గాడిపొయ్యి మీద వంట. వెళ్లిపోయేవాళ్ల ఎదుట అందరూ కూర్చుని భోంచేయడం ఆ చట్టంతో పాటు వచ్చిన కొత్త ఆచారం. ఆఖరి చూపులకు ముందే పప్పు తాలింపు వాసన హాల్లోకి వచ్చింది.

హాల్లో రెండు మంచాలు వేశారు. ఒకదాని మీద రత్నాజీ, పక్కదాని మీద మేదిని, ఇద్దరికీ టోపీలు. చుట్టూ చుట్టాలు. చట్టప్రకారం కుటుంబం ఎదుట, సాక్షులు వింటుండగా డాక్టరు మూడుసార్లు అడగాలి. పరాంకుశమే అడిగాడు.

"రత్నాజీగారూ, ఇది మీ ఇష్టంతోనే జరుగుతోందా?"

"ఆయ్," అన్నాడు.

రెండోసారీ "ఆయ్" అన్నాడు. మూడోసారి అడిగేసరికి కొంచెం ఆగి, కప్పుకున్న దుప్పటి అంచు భుజం మీదికి లాక్కుని, నవ్వి, "కానివ్వండి" అన్నాడు. కళ్లు మూసుకున్న మేదినికి ఆ మాట మాత్రం వినపడింది. నాన్న గొంతు చివరిసారి విన్నది అదే. పదకొండూ నలభై రెండుకి అంతా అయిపోయింది.

ఆ తరవాతి రోజులు ఏ ఇంట్లోనైనా జరిగినట్లే జరిగాయి. హాల్లో ఫోటో పెట్టారు. ఐదో రోజు, సోమవారం పొద్దున, ఫోటోకి దండ గుచ్చడానికి మేదిని కత్తెర పట్టుకుని నర్సరీలోకి వెళ్లి, కళ్ల నీళ్లతో కనిపించిన పువ్వల్లా కోసుకొచ్చింది. చిట్టియ్య దండ వేస్తూ ఒక పువ్వు దగ్గర ఆగాడు.

"ఇదేం రంగే అమ్మాయ్? ఎప్పుడూ చూళ్లేదే."

"ఏదో ఒకటిలే బాబాయ్, వెయ్యి," అంది మేదిని.

పెద్దకర్మనాడు ఆ ఎండిన దండ గోదాట్లో కలిపారు.

అంటు వెంటనే తెలియదు. మూడు నాలుగు వారాలకి, ఏ వాసనో స్పర్శో తగిలినప్పుడు, ఉన్నట్టుండి విచ్చుకుంటుందని పరాంకుశం చెప్పాడు. నలభై రోజుల్లోపు వద్దనుకుంటే తీసేయొచ్చు. నలభై నిండితే ఇక అది ఆ మనిషిదే, చచ్చేదాకా.

అనంతలక్ష్మి రోజూ కాఫీ గ్లాసు చేతికిస్తూ అడిగేది. "వచ్చిందా?"

"లేదమ్మా."

"తలకిందుల మొక్క కనబడ్డం లేదా?"

"ఇంకా లేదే. వస్తే నీకు చెప్పనా?"

ఇరవయ్యారో రోజు మధ్యాహ్నం మేదిని పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది. తీగ అందక, తడి దుప్పటి భుజం మీద వేసుకుని అంచు లాక్కుంది. అంతే. కాళ్ల కింద నేల పోయింది.

తను పడుకుని ఉంది. నాలుక మీద చేదు. పొట్టలో ఎవరో కత్తి పెట్టి నెమ్మదిగా తిప్పుతున్నట్టు నొప్పి. పక్క మంచం మీద టోపీ పెట్టుకుని, కళ్లు మూసుకుని, తనే! తన ముఖం తనకే కనబడింది, ఎంత ముద్దుగా ఉందో. నా తల్లి నా తల్లి అని గుండె కొట్టుకుంటోంది. ఏడేళ్ల పిల్ల లేదు. భుజం మీద ఎవరూ లేరు. ఇది ఆ రోజు కాదు. ఇది ఆ గురువారమే.

డాక్టరు గొంతు మూడోసారి అడుగుతోంది. బుర్ర నిండా ఒక మొగ్గ. నీళ్ల తొట్టె వెనక, కొబ్బరిమట్టల నీడలో దాచిన విత్తనపు మొక్క. పదకొండేళ్లుగా రంగు మీద రంగు కలిపి, వేలకు వేలు పారేసి, మిగుల్చుకున్న ఒక్క మొక్క. ఇంతవరకు పుయ్యనే లేదు. మంగళవారం చక్రాల కుర్చీలో తిప్పినప్పుడు మొగ్గ పచ్చ రేకు చీలి లోపల రంగు తొంగి చూసింది. పండిన తాటిపండు గుజ్జు రంగు. గులాబీకి ఆ రంగా! సోమవారం పొద్దున విచ్చుకుంటుంది. చూసి పోతాను. నాలుగు రోజులు ఆగండి, నాలుగంటే నాలుగు రోజులు.

మాట గొంతు దాకా వచ్చింది. ఆ కళ్లు చుట్టూ చూశాయి. తమ్ముడు సెలవు పెట్టుకుని వచ్చాడు. పెరట్లో అన్నం వార్చేశారు. డాక్టరు వ్యాను వాకిట్లో ఉంది. పాపం అనంతం, నిద్రలేక కళ్లు గుంటలు పడ్డాయి, ఆ పంచకం సంగతి కూడా ఎంత భయపడుతూ చెప్పింది. ఒక పువ్వు కోసం ఇంతమందిని వెనక్కి పంపిస్తానా? ఎంత నామోషీ. వద్దు, వద్దు, వద్దు అని లోపల గుండె అరుస్తుంటే, చెయ్యి దానంతటది దుప్పటి అంచు భుజం మీదికి లాక్కుంది. ముఖం నవ్వింది. నోరు "కానివ్వండి" అంది.

మేదిని తేరుకునేసరికి బురదలో కూర్చుని ఉంది. దుప్పటి ఒళ్లంతా చుట్టుకుపోయింది. ఏడుపు కూడా రాలేదు. నాన్న పోనని అన్నాడు. లోపల అన్నాడు, ఎవరికీ వినపడలేదు. కండువా సర్దుకున్న ప్రతిసారీ అలాగే అన్నాడన్నమాట, ఇన్నేళ్లూ!

లేచి పరిగెత్తింది. నీళ్ల తొట్టె వెనక, కొబ్బరిమట్టల కింద మొక్క ఉంది. పైకొమ్మ ఏటవాలుగా, నీటుగా కోసి ఉంది. ఆ కోత ఎవరిదో చూడగానే పోల్చుకుంది. సోమవారం పొద్దున కత్తెర పట్టుకుని కళ్ల నీళ్లతో వచ్చింది తనే. ఆయన ప్రాణం పెట్టుకున్న పువ్వుని విచ్చుకున్న పూటే కోసి దండలో గుచ్చింది. 'ఏదో ఒకటిలే' అంది. అప్పుడు నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు తుడుచుకుని చూస్తే, కోసిన చోటుకి కింద ఎర్రటి కొత్త చిగురు జానెడు లేచి ఉంది.

మర్నాడు కేంద్రానికి వెళ్లి పరాంకుశం ఎదుట కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఆయన తెర మీద ఆ గురువారం గీత తీసి చూపించాడు. రెండో ప్రశ్న దాకా నున్నగా ఉంది. మూడో ప్రశ్న దగ్గర పిచ్చిపట్టినట్టు ఎగిరిపడింది.

"ఇది మీకప్పుడే కనపడిందా?"

"కనపడిందమ్మా."

"కనపడితే ఎందుకు ఆపలేదు?"

"చట్టం మనిషి మాటని చూడమంది. గీతని చూడమనలేదు. ఆయన కానివ్వండి అన్నారు. నవ్వుతూ అన్నారు."

"ఇంకెవరికైనా ఇలా అయిందా?"

పరాంకుశం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నలభై మూడు అంటులు కట్టాను. తొమ్మిదింటిలో మూడో ప్రశ్న దగ్గర గీత ఎగిరింది. భయంతో అనుకున్నాను. భయం సహజమే కదా అని."

"తొమ్మిదిమంది దగ్గరా చుట్టాలున్నారా?"

"సాక్షులుండాలి కదమ్మా," అన్నాడాయన, నేల చూస్తూ.

తొమ్మిది ఇళ్లు. తొమ్మిది పెరళ్లలో గాడిపొయ్యిలు. మేదిని ఇంకేమీ అడగకుండా లేచి వచ్చేసింది.

ఇక అమ్మకి చెప్పడమెలా? ముహూర్తం పెట్టించింది అమ్మ. సోమవారాన్ని గురువారం చేసింది అమ్మ. ఈ మాట చెబితే ఆవిడ బతుకుతుందా? ఇప్పటికే అన్నం మెతుకులు లెక్కపెట్టుకుని తింటోంది. మేదిని గట్టిగా నిశ్చయించుకుంది, చచ్చినా చెప్పకూడదని. కాఫీ గ్లాసుతో అమ్మ వచ్చిన ప్రతిసారీ "ఇంకా లేదమ్మా" అంది. ఒక తలకిందుల మొక్క కథ కల్పించి చెప్పేద్దామనుకుంది. రెండుసార్లు మొదలుపెట్టింది, రెండుసార్లూ కాఫీ చల్లారిందని లేచిపోయింది.

ముప్ఫై రెండో రోజు ఆదివారం. వంటింట్లో మేదిని వంకాయలు తరుగుతోంది. అనంతలక్ష్మి పొయ్యి కట్టేసి ఎదుట పీట వేసుకుని కూర్చుంది.

"వచ్చింది కదే," అంది.

"ఏంటమ్మా?"

"అంటు. వచ్చి వారమైంది. ఆ దుప్పటి బురదలో చూసిన్నాడే అనుకున్నాను. తలకిందుల మొక్క కాదు కదా?"

మేదిని తల దించుకుని వంకాయ తరుగుతూనే ఉంది.

"మూడోసారి అడిగినప్పుడు," అనంతలక్ష్మి గొంతు దిగిపోయింది, "దుప్పటి అంచు భుజమ్మీదికి లాక్కున్నారు. లోపల ఏమనుకున్నారు? వద్దనుకున్నారా?"

కత్తిపీట మీద మేదిని చెయ్యి ఆగిపోయింది. "నువ్వు... నువ్వు చూశావా?"

"ఎదురుగానే నుంచున్నాను కదే."

"నీకు తెలుసా? అలా సర్దుకుంటే ఏంటో నీకు తెలుసా?"

"పెళ్లైన కొత్తలో మా అమ్మ పనసపొట్టు కూర వడ్డించింది. మీ నాన్నకి ఆ వాసనే పడదు. కండువా సర్దుకుని కానివ్వండి అత్తయ్యగారూ అన్నారు. మూడుసార్లు వడ్డించుకుని, చేను గట్టుమీదికెళ్లి వాంతి చేసుకున్నారు. నీళ్లు పట్టుకెళ్లింది నేనే. ఆనాటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఆయన కండువా సర్దుకున్నారంటే లోపల వద్దంటున్నారన్నమాటే."

"మరి ఎందుకు నోరు మూసుకున్నావు?" మేదిని అరిచింది. ఆ ఇంట్లో ఆ పిల్ల అలా అరవడం అదే మొదలు. "ఒక్కమాట, అమ్మా! ఆగండి అని ఒక్కమాట!"

"అంతమంది వచ్చేసేరే," అంది అనంతలక్ష్మి. "అన్నాలు వండేసేరు. డాక్టరు టైము చూసుకుంటున్నాడు. నేను పొరబడ్డానేమో, చలేసి లాక్కున్నారేమో అనుకున్నాను. అనుకుంటుండగానే అయిపోయింది. నువ్వొచ్చి, అమ్మా, నాన్న నన్ను భుజాన మోసుకు తిరిగేరే అని చెబుతావని... చెబితే నేను పొరబడ్డట్టే కదా అని... రోజూ కాఫీ పట్టుకుని నీ మొహం చూస్తున్నాను."

మేదిని కత్తిపీట పక్కకి తోసింది. తను ఎవర్ని కాపాడుదామనుకుందో ఆ మనిషి అందరికంటే ముందే అన్నీ తెలిసి కూర్చుంది. లేచి నర్సరీలోకి పోయింది. పొద్దుగూకేదాకా తొట్టె దగ్గర కూర్చుంది. తల్లి మీద కోపం కొండంత ఉంది. ఆ కొండ కింద ఇంకోటుంది. సోమవారమైతే ఏమవుద్దని నాన్న అడిగినప్పుడు జావ గిన్నె పక్కన తనూ ఉంది. తనూ ఊరుకుంది. చిగురు చివర శనగగింజంత మొగ్గ వేసింది. నాన్న తలపు తన బుర్రలో లెక్క కట్టి చెప్పింది, ఎనిమిది రోజులని. వచ్చే సోమవారం అన్నమాట.

రెండు రోజులు తల్లీకూతుళ్ల మధ్య మాటల్లేవు. మూడో పొద్దున అనంతలక్ష్మే గుమ్మంలో నుంచుని అంది.

"తీయించేసుకో తల్లీ. ఆ నొప్పి, ఆ వద్దు వద్దు అనడం, అదంతా నీ బుర్రలో బతికినన్నాళ్లూ ఎందుకు? తప్పు నాది. మొయ్యాల్సింది నేను."

చిట్టియ్యకి ఫోను వెళ్లింది. అన్నయ్య ఆఖరి తలపు మంచిది కాదట, పిల్ల నలిగిపోతోందట అని మాత్రం చెప్పారు. చిట్టియ్య ఆ రాత్రే రైలెక్కాడు, భార్యతో సహా. "పెద్దవాళ్లమందరం అనుకున్నామమ్మా, తీయించేద్దాం. నీ జీవితం నువ్వు చూసుకోవాలి కదా," అన్నాడు. కారు మాట్లాడాడు. పిన్ని పెందలాడే లేచి పులిహోర కలిపి కేరేజీ సర్దింది. అందరూ తన మంచికే చూస్తున్నారు. కాదనడానికి మేదినికి కారణం దొరకలేదు. నిజానికి ఆ నొప్పి రోజూ వస్తోంది, కంచం ముందు, క్లాసులో, స్నానాల గదిలో.

ముప్ఫయ్యారో రోజు, గురువారం. కేంద్రంలో అదే తీగల టోపీ. కుర్చీలో మేదిని, చుట్టూ తల్లి, బాబాయి, పిన్ని, కాళ్ల దగ్గర కేరేజీ. పరాంకుశం ఆ పూట అంతా మేదిని ముఖంలోకి సరిగ్గా చూడలేదు.

"ఉంచమంటారా, తీసేయమంటారా? చట్టప్రకారం మూడుసార్లు అడగాలి."

"తీసేయండి."

"ఉంచమంటారా, తీసేయమంటారా?"

"తీసేయండి."

"ఆఖరిసారి అడుగుతున్నాను. ఉంచమంటారా, తీసేయమంటారా?"

పిన్ని కళ్లు తుడుచుకుంటోంది. బాబాయి గడియారం చూసుకున్నాడు, మధ్యాహ్నం రైలుంది పాపం. మేదిని నవ్వింది. చెయ్యి పైకి లేచి, చున్నీ అంచు పట్టుకుని, ఓసారి దులిపి, భుజం మీద సర్దింది.

"కాని..." అనబోయింది.

"ఆగండి!"

గది అదిరిపోయింది. అనంతలక్ష్మి కూతురి చేతినే చూస్తోంది. ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. "ఆగండి డాక్టరుగారూ. దానికిష్టం లేదు."

"వదినా, అమ్మాయే కదా తీసేయమంటోంది..." అన్నాడు చిట్టియ్య.

"దాని నోరంటోంది. నువ్వు లే. లే చిట్టియ్యా! నువ్వూ లేమ్మా. ఆ కేరేజీ కూడా పట్టుకెళ్లు. అందరూ బయటికి నడవండి."

"సాక్షులుండాలమ్మా," అన్నాడు పరాంకుశం సన్నగా.

"సాక్షులుండే మా ఆయన పోయేడు," అంది అనంతలక్ష్మి.

ఆవిడ మరిదినీ తోటికోడలినీ రెక్క పట్టుకుని గుమ్మం దాటించింది. తిరిగొచ్చి కూతురి భుజం మీద చున్నీ తీసి, మడిచి ఒళ్లో పెట్టింది.

"నేనూ ఉండను. నన్ను చూసినా నువ్వు చెప్పలేవు," అని తనూ బయటికెళ్లి తలుపు వేసింది.

గదిలో డాక్టరూ మేదినీ మిగిలారు. బయట చిట్టియ్య ఏదో అడగడం, "నోరు మూసుకుని కూచో" అని తల్లి కసరడం వినబడింది. మేదిని చున్నీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడడగండి," అంది.

పరాంకుశం కళ్లజోడు సవరించుకుని, ఈసారి ఆ పిల్ల కళ్లలోకి చూసి, చట్టంలో లేని మాటల్లో అడిగాడు. "నీకేం కావాలమ్మా?"

"నాలుగు రోజులు ఆగండి," అంది మేదిని. ముప్ఫయ్యారు రోజులుగా గొంతులో ఇరుక్కున్న మాట అది. అనేసరికి ఏడుపు పొంగుకొచ్చింది.

"నాలుగు రోజులాగితే సోమవారం. నలభై నిండిపోతాయి. ఆ తరవాత నేను తీయలేను. ఆ నొప్పి ఎప్పటికీ నీతోనే ఉంటుంది."

"తెలుసండీ. ఇంటి దగ్గర మొగ్గుంది. సోమవారం పొద్దున విచ్చుకుంటుంది. ఆయన చూడాలి."